అన్నయ్య అమ్మిన క్యారవాన్‌లో ఒక్క మూలకే చెమ్మ ఎందుకు?

పేరు వద్దన్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఎనిమిది నెలల కిందట సొంత అన్నయ్య దగ్గర 14 ఏళ్ల పాత క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నారు. అప్పుడు అంతా బాగానే కనిపించింది. వానలు పట్టాక ముందువైపు కుడి మూలలో, సీటు కింద పెట్టె తెరిస్తే ముక్కిన వాసన. కుషన్ తీసి చూస్తే గోడ ప్లైవుడ్ మీది కాగితం అలలు అలలుగా లేచింది, అడుగు అంచున నల్లచుక్కలు. ఆమె భర్త సూదులున్న తేమ మీటర్ ఒకటి తెచ్చి కొలిచారు. ఆ మూల అడుగున 32 శాతం, దానిపైన 24, ముందు కిటికీ కింద 21. ఎడమ మూలలో మాత్రం 14, మిగతా గోడలన్నీ 12, 13. అన్నయ్యను అడిగితే “అది లీకు కాదమ్మా, కండెన్సేషన్. లోపలే వంట చేస్తారు, కిటికీలు తెరవరు, గోడలు చెమర్చక ఏం చేస్తాయి?” అన్నారట. భర్తేమో “తెలిసే మనకు అంటగట్టాడు” అంటున్నారు. రెండు నెలల కిందట ఆయన కిటికీ చుట్టూ, ముందు అతుకు మీదుగా సిలికాన్ పూశారు. పూసేటప్పుడు అక్కడ అంతకుముందే ఎవరో పూసిన పాత సిలికాన్ గీత కనిపించిందట. వాసన తగ్గకపోగా పెరిగింది. ఉత్తరం చివర మరో రెండు మాటలున్నాయి. రాత్రి అందరూ పడుకున్నాక నీళ్ల పంపు దానంతటదే క్షణంపాటు మోగి ఆగుతుందట. సింక్ ముందు నేల అడుగేస్తే కాస్త కిందికి దిగుతోందట. “బాగు చేయించాలా, ఎవరికైనా అమ్మేయాలా, అన్నయ్యతో ఏమని మాట్లాడాలి? మా వారికీ పుట్టింటికీ మధ్య నలిగిపోతున్నాను” అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనవి మీ వారు రాసిపెట్టిన ఆ అంకెలు. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో సగం అవే తేల్చేస్తాయి. కుడి మూల 32, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఎడమ మూల 14. రెండు మూలలకూ ఒకే గాలి, ఒకే చలి, ఒకే వంట ఆవిరి. గాలిలోని తేమ గోడలకు పడుతుంటే రెండు మూలలూ ఇంచుమించు ఒకేలా తడవాలి. ఒక పక్కే ఇంత తేడా ఉందంటే, ఆ పక్క బయటి నుంచి నీళ్లు వస్తున్నాయని దాదాపుగా నమ్మవచ్చు. పైన తక్కువ, కిందికి వచ్చేకొద్దీ ఎక్కువగా అంకెలు పెరగడం కూడా అదే చెబుతోంది. పైనెక్కడో దూరిన నీరు గోడ లోపలి కర్ర వెంట జారి అడుగున నిలుస్తోంది.

అలాగని మీ అన్నయ్య మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. ఇద్దరు మనుషులు రాత్రంతా నిద్రపోతే ఊపిరి, చెమటల రూపంలోనే అర లీటరు పైచిలుకు నీరు గాలిలో కలుస్తుంది. ఇక వంట గ్యాస్ ఒక కిలో మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. అది గ్యాస్‌లో దాగున్న నీరు కాదు, మంటలో కొత్తగా తయారయ్యేది. ఇంత నీరు అంత చిన్న గదిలో చల్లటి గోడలను వెతుక్కుంటుంది. కాబట్టి ఆయన చెప్పిన కారణం నిజంగా ఉన్నదే. మీ కుడి మూలకు మాత్రం అది సరిపోదు. తేడా తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. జానెడుకు పైగా వెడల్పున్న పలచటి ప్లాస్టిక్ కాగితాన్ని అనుమానమున్న చోట గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గది వైపు చెమరిస్తే గాలిలోని తేమ. కాగితానికీ గోడకూ మధ్య చెమరిస్తే తడి గోడలోంచే వస్తోంది.

మీటర్ గురించి ఒక జాగ్రత్త. అది కొలిచేది రెండు సూదుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. దాన్ని కర్ర లెక్కలో శాతంగా మార్చి చూపిస్తుంది. సూది వెనక స్టేపుల్ పిన్నో, స్క్రూనో, రేకు పూతో ఉంటే పొడి గోడ కూడా 30 చూపిస్తుంది. అందుకే ఒక్క చోట ఎక్కువ వచ్చిందని కంగారుపడకూడదు. పక్కపక్కన నాలుగైదు చోట్ల గుచ్చి, అంకె మెల్లగా పెరుగుతోందా, ఒక్కసారిగా ఎగిరిందా చూడాలి. మెల్లగా పెరిగితే నీరు, ఎగిరితే ఇనుము. హీటర్ ఆపిన వెంటనే, గడ్డకట్టే చలిలో కొలవకండి. మామూలుగా 15 లోపు ఉంటే నిశ్చింత. 15 నుంచి 20 మధ్య ఉంటే నెలకోసారి చూసుకోవాలి. 20 దాటి అలాగే ఉండిపోతే కర్రను తినే శిలీంధ్రానికి దారి తెరిచినట్టే. 30 అంటే కర్ర పోగుల గోడలు పీల్చుకోగలిగినంతా పీల్చుకున్నాయి. మీ మూల అక్కడ ఉంది కాబట్టి ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయలేం. రేపటికల్లా గోడ కూలిపోతుందని కూడా కాదు.

ఇప్పుడు నీరు ఎక్కడ దూరుతోందో చూద్దాం. ఈ వయసు క్యారవాన్‌లలో ఎక్కువ భాగానికి గోడ నిర్మాణం ఒకే తీరు. బయట మిల్లీమీటరుకన్నా పలచటి అల్యూమినియం రేకు, లోపల సన్నటి కర్రల చట్రం, మధ్య థర్మాకోల్, గది వైపు మూడు మిల్లీమీటర్ల ప్లై. ముందు రేకూ పక్క రేకూ కలిసే అంచును కప్పుతూ పైనుంచి కిందిదాకా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. గుడారం గుడ్డ దూర్చే గాడి ఉన్న ఆ పట్టీని ఆనింగ్ రైల్ అంటారు. దాన్ని వరసగా స్క్రూలతో లోపలి కర్రకు బిగించి, కింద నీరు దూరకుండా మాస్టిక్ అనే మెత్తటి ముద్ద పరుస్తారు. ఆ మాస్టిక్ పదేళ్లు దాటాక నూనె ఆరి, ఎండిన బంకలా పెళుసుబారుతుంది. బండి రోడ్డు మీద ఊగిన ప్రతిసారీ అక్కడ వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. వాన నీరు ఆ సందులోంచి స్క్రూ మరల వెంట నేరుగా కర్రలోకి దిగుతుంది.

దీన్ని మీరే కళ్లారా చూడవచ్చు. రైల్ మధ్యలో స్క్రూ తలలను కప్పుతూ ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. అడుగు కొస పట్టి లాగితే ఊడి వస్తుంది. పొడి రోజున అది తీసి, పైనుంచి కిందికి ఒక్కో స్క్రూ తల చూడండి. తుప్పు లేనివి అలాగే వదిలేయండి. గోధుమరంగు మచ్చ ఉన్న చోట ఒక్క స్క్రూను చేత్తో, మెల్లగా, వెనక్కి తిప్పండి. గట్టిగా పట్టుకుని కిర్రుమంటూ వస్తే లోపలి కర్ర బతికే ఉంది. ఏ పట్టూ లేకుండా ఊరికే గిరగిరా తిరిగితే కర్ర చివికిపోయింది. బయటికొచ్చిన స్క్రూ నడుమ సూదిలా సన్నబడి, మరల్లో తెల్లటి పొడో తడి రంపపు పొట్టులాంటిదో ఇరుక్కుని ఉంటే అక్కడ ఏళ్ల తరబడి నీరు నిలిచిందని అర్థం. చూశాక ఆ రంధ్రంలో కాస్త మాస్టిక్ పెట్టి స్క్రూను మళ్లీ బిగించండి, తెరిచి వదలకండి. రేకు మీద కూడా వేలితో తడుముతూ చూడండి. చిన్న చిన్న బొడిపెలు, తెల్లటి పొడి, గుండుసూది మొనంత రంధ్రాలు ఉంటే లోపలి తడికర్ర అల్యూమినియాన్ని తింటోంది.

సిలికాన్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. రైల్ అంచు మీద పైపైన పూత పూస్తే ఒక సందు మూసుకుంటుంది. నీరు మరో రెండు అడుగులు పైనున్న స్క్రూ రంధ్రంలోంచి వస్తూనే ఉంటుంది. పైగా అడుగున బయటికి కారిపోయే దారి మూసుకుపోవడంతో లోపలే నిలుస్తుంది. వాసన పెరగడానికి ఎక్కువగా ఇదే కారణం. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అల్యూమినియానికి అది మంచిది కాదు. సిలికాన్ పూసిన చోట తర్వాత ఇంకేదీ సరిగా అంటుకోదు, కొత్త సిలికాన్‌తో సహా. మీ వారు చెడు చేద్దామని చేయలేదు, చాలామంది చేతికి మొదట అందేది ఆ ట్యూబే. ఇకమీదట మాత్రం ఏదీ పూయవద్దని చెప్పండి. ప్రస్తుతానికి ముందుభాగం మీద టార్పాలిన్ కప్పి, అడుగున గాలి ఆడేలా వదులుగా కట్టండి. ఆ మూలలో లైటో, ప్లగ్ సాకెట్టో ఉంటే దానికి కరెంటు ఆపేయండి. పిల్లలు ఆ పక్క పడుకోకుండా చూడండి, బూజు ఊపిరికి మంచిది కాదు.

పంపు సంగతి మీరు చివర్లో ఒక వాక్యంలో రాశారు కానీ, నా దృష్టిలో అది రెండో లీకు. మొదటిదానితో దానికి సంబంధం లేదు. అన్ని కుళాయిలూ కట్టేసి ఉంటే పైపుల్లో ఒత్తిడి నిలవాలి. పంపు మళ్లీ మోగిందంటే ఒత్తిడి ఎక్కడో తగ్గుతోంది. రాత్రి పడుకునేముందు కుళాయిల అడుగు, సింక్ కింద, వాటర్ హీటర్ దగ్గర, ప్రతి పైపు అతుకు చుట్టూ ఒక పొడి టిష్యూ కాగితం చుట్టి పంపు ఆన్‌లో ఉంచండి. పొద్దున ఏ కాగితం తడిసిందో అక్కడే లీకు. ఒక్కటీ తడవకపోతే నీరు పంపు సొంత వాల్వులోంచే వెనక్కి జారుతుండవచ్చు, ఒత్తిడి స్విచ్‌కు సర్దుబాటు కావలసి ఉండవచ్చు. వాటివల్ల గోడకూ నేలకూ ముప్పు లేదు. చలికాలంలో నీళ్లు తీసేయకుండా బండిని నిలిపి ఉంటే, గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బి కుళాయి లోపలి భాగాలనూ అతుకులనూ పగలగొడుతుంది. అది కూడా అన్నయ్యను అడగవలసిన విషయమే.

నేల మెత్తబడిందని వెంటనే కుళ్లిందనుకోకండి. క్యారవాన్ నేల రెండు ప్లైల మధ్య నురుగు పలక పెట్టి అంటించినది. రోజూ నిలబడే సింక్ ముందర, తలుపు దగ్గర ఆ జిగురు ఊడి, నీరు తగలకపోయినా నేల దిగుతుంది. మ్యాట్ ఎత్తి మీటర్ పెట్టండి. 12, 13 ఉంటే జిగురు ఊడడమే. పై ప్లైకి వరసగా చిన్న రంధ్రాలు వేసి, గట్టిపరిచే హార్డెనర్ కలిపిన జిగురులాంటి రెజిన్‌ను సిరంజితో ఎక్కించి, రంధ్రాలను చెక్క చీలలతో మూసి, బరువు పెట్టి ఆరనిస్తే గట్టిపడుతుంది. 20 దాటితే మాత్రం రెజిన్ ఎక్కించకండి, తడిని లోపల బంధించినట్టవుతుంది. ముందు పైపు లీకు ఆపాలి, తర్వాత ఆరాలి.

ఇక దారులు. బాగు చేసుకోవాలా, అమ్మాలా అన్నది ఆ మూల లోపల ఎంత కుళ్లిందన్న దానిమీద ఆధారపడి ఉంది, అది ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకని ముందు ఒక చిన్న పని చేయండి. సీటు పెట్టె లోపల, కుషన్ వెనక, బయటికి కనిపించని చోట అరచేతి వెడల్పున ప్లై ముక్క కోసి తీయండి. లోతుగా కోయకండి, వెనక వైరు ఉండవచ్చు. లోపలి కర్రను సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. మొన ఆగితే కర్ర తడిసిందే తప్ప పోలేదు. కేకులోకి దిగినట్టు దిగితే పోయింది.

కర్ర గట్టిగా ఉంటే మీ పని చాలావరకు మీరే చేసుకోవచ్చు. తడిసిన ప్లై తీసేసి గోడను తెరిచి ఉంచి, డీహ్యుమిడిఫైయర్ (గాలిలోని తేమ లాగేసే యంత్రం) పెట్టి ఆరబెట్టండి. చల్లటి చోట కంప్రెసర్ రకం సరిగా పనిచేయదు, తేమను పీల్చే పదార్థంతో నడిచే డెసికంట్ రకం మేలు. కిటికీలన్నీ మూసి హీటర్ ఒక్కటే పెడితే తడి ఒక గోడ వదిలి ఇంకో గోడకు పడుతుంది. వారాలు పడుతుంది, వారానికొకసారి అదే చోట కొలిచి రాసుకోండి. 15 దగ్గరికి వచ్చాక రైల్ విప్పండి. పాత మాస్టిక్‌నూ సిలికాన్‌నూ ప్లాస్టిక్ గీకుడుపుల్లతో ఒక్క పోగు మిగలకుండా తీయాలి, ఈ పనిలో శ్రమంతా ఇక్కడే ఉంటుంది. వదులైన రంధ్రాల్లో జిగురు పెట్టి చెక్క చీల దిగ్గొట్టి కొత్తగా రంధ్రం వేయండి. తర్వాత గట్టిపడని బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) మాస్టిక్ టేపును రైల్ పొడవునా పరిచి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలను మాస్టిక్‌లో ముంచి, చేత్తో కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. రెండు అంచులా మాస్టిక్ సమంగా బయటికి ఉబకాలి. ఎక్కడ ఉబకలేదో అక్కడ సందు మిగిలిందని గుర్తు. కొన్ని రోజులాగి ఇంకో చుట్టు బిగించి, ఉబికినదాన్ని కోసి, వైట్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే ద్రావకం) తడిపిన గుడ్డతో తుడవండి. కిటికీ యాక్రిలిక్‌కు మాత్రం ఏ ద్రావకమూ తగలనీయకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. అతికితే ఊడని పాలియురిథేన్ జిగురును రైల్ కింద వాడమని ఎవరైనా చెబితే వద్దనండి. ఇంకో పదేళ్లకు మళ్లీ విప్పాల్సిన చోట అది రేకును చింపుకుని వస్తుంది.

కర్ర పోయి ఉంటే ఈ పనంతా వృథా. స్క్రూలకు పట్టు ఉండదు, ఏడాది తిరక్కుండా అదే మూల తడుస్తుంది. గట్టి కర్ర తగిలేదాకా కుళ్లినది కోసేసి, మందు పట్టించిన కొత్త కర్ర అతికి, థర్మాకోల్, ప్లై, పై కాగితం మళ్లీ వేయాలి. రైల్ బిగించడం ఆ తర్వాతే. రేకూ కర్రా ప్లై కలిపి ఒకే పలకగా అంటించిన గోడైతే ఇది మరీ కష్టం, వర్క్‌షాప్‌కు ఇవ్వడమే నయం. ఇచ్చేముందు మూడు అడగండి. లీకు చోటును ఎలా కనిపెడతారు, లోపలి కర్ర మారుస్తారా లేక పైన ప్లై మాత్రమే వేస్తారా, పని మధ్యలో ఫోటోలు ఇస్తారా. కొన్ని వర్క్‌షాప్‌లలో బండి లోపలికి చిన్న ఫ్యాన్‌తో గాలి ఎక్కించి బయట అతుకుల మీద సబ్బు నీళ్లు జల్లుతారు, లీకున్న చోట బుడగలు లేస్తాయి. నాకు తెలిసి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. ఇంట్లోనే చూసుకోవాలంటే ఒత్తిడి లేని గొట్టంతో అడుగునుంచి మొదలుపెట్టి, ఒక్కో అతుకు మీద పదిహేను నిమిషాలు నీళ్లు వదులుతూ పైకి వెళ్లండి. లోపల ఒకరు టార్చితో చూడాలి. పైనుంచి మొదలుపెడితే ఏ అతుకు కారిందో తేలదు.

అమ్మడం గురించి అడిగారు. అమ్మవచ్చు, కానీ ఆ అంకెల కాగితం కొనేవాళ్ల చేతిలో పెట్టి అమ్మండి. ధర తగ్గుతుంది, బాగు చేసుకోగలిగిన మనిషి కొంటారు. గోడకు కొత్త కాగితం అంటించి తడిని కప్పిపెట్టి అమ్మితే, ఈ రోజు మీ వారు మీ అన్నయ్యను ఏమంటున్నారో ఆ మాటే రేపు ఎవరో మిమ్మల్ని అంటారు. ఏమీ చేయకుండా వాడుకోవడం కూడా ఒక దారే అయినా దాన్ని నేను మెచ్చను. తడి మూలనుంచి నేలకు, నేలనుంచి సీటు చట్రానికి పాకుతుంది. చిన్న పని పెద్దదవుతుంది. బీమా ఉందని ధీమా పడకండి, మెల్లగా ఊరే తడిని చాలా పాలసీలు కలుపుకోవు.

మీ అన్నయ్య విషయం. గోడ లోపలి తడి ఏళ్ల తరబడి బయటికి కనిపించకుండా ఉండగలదు. కాగితం అలలు లేచేది చిట్టచివర. కాబట్టి తుప్పు పట్టిన స్క్రూ లీకు పాతదని చెబుతుంది గానీ, ఆయనకు తెలుసని చెప్పదు. ఆ పాత సిలికాన్ గీత మాత్రం ఎవరో ఎప్పుడో అక్కడ ఏదో చూశారని చెబుతోంది. ఆయన కావచ్చు, ఆయనకు అమ్మినవాళ్లు కావచ్చు. ఆయనే అయినా, పూశాక లీకు ఆగిందని మనస్ఫూర్తిగా నమ్మి ఉండవచ్చు, మీ వారు రెండు నెలల కిందట నమ్మినట్టే. అందుకే “ఎందుకు దాచావు” అని మొదలుపెట్టకండి. “అన్నయ్యా, ముందు అతుకు మీద సిలికాన్ నువ్వు పూశావా? ఎప్పుడు, ఏం చూసి పూశావు? చలికాలం నీళ్లు తీసేవాడివా?” అని అడగండి. బాగుచేసేవాళ్లకు ఆ జవాబు నిజంగా కావాలి, లీకు వయసు దాన్నిబట్టే తేలుతుంది. వీలైతే ప్లై ముక్క కోసే రోజున ఆయన్నే పిలవండి. మీ వారూ ఆయనా కలిసి ఆ కర్రను చూస్తే, ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలన్న మాట ఎదురుగా ఉన్న వస్తువు మీద నడుస్తుంది. చూడడానికే రానంటే, అదీ మీకు ఒక జవాబే.

పని అయ్యాక ఒక కాగితం మీద క్యారవాన్ బొమ్మ గీసి, కిటికీల నాలుగు మూలలు, పైకప్పు కిటికీ చుట్టూ, చక్రాల పైభాగం, పెట్టెల లోపలి మూలలు గుర్తుపెట్టి, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా అవే చోట్ల కొలవండి. నిలిపేటప్పుడు పైకప్పు మీద నీరు నిలవకుండా ఒక కొసకు కాస్త వాలుగా ఉంచండి. కుషన్లు గోడకు ఆనకుండా నిలబెట్టి, పెట్టెల తలుపులు తెరిచి ఉంచండి. చలి వేస్తోందని నేలలోనూ కప్పులోనూ ఉన్న గాలి రంధ్రాలను గుడ్డలతో మూయకండి. అవి తేమ కోసమే కాదు, గ్యాస్ లీకైతే బయటికి పోవడానికి కూడా పెట్టినవి. వంట చేసేటప్పుడు పైకిటికీ రెండు వేళ్ల సందు తెరవండి, ఆ మాట వరకు మీ అన్నయ్య చెప్పింది పాటించవలసిందే.

టిష్యూ కాగితాల పరీక్షకు వాన ఆగేదాకా చూడక్కర్లేదు, ఈ రాత్రే చేయండి.